ఏడొందల కప్ప, నీలం చెప్పు

కన్నా, పక్కెక్కావా? మీ నాన్న ఫోన్లో, చేపలకి ఎరగా గాలానికి కట్టే ఖరీదైన బొమ్మ ఒకటి చూసి, కొందామా మానేద్దామా అని ఒకటే ఊగిసలాడుతున్నాడట కదా. ఈ కథ విని రేపు పొద్దున్నే ఆయనకి చెప్పు. దుప్పటి కప్పుకో. ఇది ఫోన్లో రికార్డు చేసి పంపుతున్నాను కదా, నువ్వు ఊ కొడుతున్నావనే అనుకుని చెప్పేస్తాను.

అనగనగా గోదావరి కాలవ పక్కన ఒక ఊళ్ళో గవర్రాజని ఒకడుండేవాడు. ఇటుకల బట్టీలో పని. వాళ్ళక్క మరిడమ్మంటే వాడికి ప్రాణం. అమ్మ పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది ఆవిడే మరి.

ఒకసారి మరిడమ్మకి టైఫాయిడ్ జొరం వచ్చింది. ఇరవై రోజులు మంచం మీదే. జొరం తగ్గింది గానీ నోరంతా చేదు. గంజి చేదు, పాలు చేదు, ఆఖరికి పంచదార కూడా చేదే! ముద్ద దిగక మనిషి చీపురుపుల్లలా అయిపోయింది. "ఏదో ఒకటి కడుపులో పడకపోతే ఈవిడ లేవదయ్యా," అనేశారు డాక్టరుగారు.

గవర్రాజు మంచం పక్కన కూచున్నాడు. "నీకేం తినాలనుందక్కా?"

"కొరమీను పులుసైతే రెండు ముద్దలు దిగుతాయేమోరా," అంది.

అప్పుడు వాడు డబ్బులు పట్టుకుని బజారుకెళ్ళాడు. చేపలమ్మే చోటికి పక్కనే గాలాల కొట్టు. అద్దం వెనకాల ఒక రబ్బరు కప్ప! ఆకుపచ్చ ఒళ్ళు, పసుపు పొట్ట, రెండు కొక్కేలు, వెనక కుచ్చుల కాళ్ళు.

"ఏడొందలండి. దీన్ని చూస్తే కొరమీను ఆగదండి, ఆయ్!" అన్నాడు కొట్టాయన.

గవర్రాజు ఆలోచించాడు. చేప కొంటే ఒక్క పూట పులుసు. కప్ప కొంటే అక్కకి రోజూ పులుసు! ఇంకేముంది, చేప డబ్బులు పెట్టి కప్పని కొనేశాడు.

ఊరి చివర ఇటుకల కోసం మట్టి తవ్విన గొయ్యి ఒకటుంది. నీళ్ళు నిండి, సగం గుర్రపు డెక్క పట్టేసింది. ఆ డెక్క నీడే కొరమీనుకి ఇల్లు. ఊళ్ళో అందరికీ తెలుసది. గవర్రాజుకీ తెలుసు.

మొదటి రోజు వెళ్ళాడు. చెయ్యెత్తాడు. 'అమ్మో, డెక్కలో చిక్కుకుంటే ఏడొందలు గోవిందా!' అనుకున్నాడు. తీసుకెళ్ళి తేటనీళ్ళలో వేశాడు. కప్ప ఎంచక్కా ఈదింది. చూడ్డానికి ఒక్క చేపా లేదక్కడ. ఆ పూట అక్క ఒక్క ముద్ద తిని కంచం నెట్టేసింది.

రెండో రోజు కాస్త ధైర్యం చేసి డెక్క అంచున వేశాడు. కప్ప వెళ్ళి డెక్క వేళ్ళలో ఇరుక్కుంది. అప్పుడేం చేశాడో తెలుసా? చొక్కాతో సహా దభీమని దూకేశాడు! కప్ప దొరికింది. గోతిలో చేపలన్నీ అవతలి ఒడ్డుకి పారిపోయాయి. ఆ పూట అక్క అర ముద్దే తింది.

మూడో రోజు కప్పని వెయ్యడానికి చెయ్యే రాలేదు. ఊరికే ఒడ్డున నిలబడి వచ్చేశాడు. ఆ పూట అక్క కంచమే ముట్టుకోలేదు.

ఆ తర్వాత గుమ్మంలో కూచుని కప్పని గుడ్డతో తుడుస్తున్నాడు. మరిడమ్మ చూసింది.

"ఏంట్రా, దాన్ని నీళ్ళలో వెయ్యడానికి కొన్నావా, ఉయ్యాల్లో వెయ్యడానికి కొన్నావా?"

వాడు ఏడుపు మొహం పెట్టాడు. "పోతుందేమోనని భయమక్కా. నీ చేప డబ్బులవి."

మరిడమ్మ ఫక్కున నవ్వింది. ఇన్ని రోజులకి అదే మొదటి నవ్వు. "మంచం కింద తెగిపోయిన నా నీలం చెప్పుంది. దాన్ని కప్పలా కోసి కట్టు."

"చెప్పునా?"

"ఆ, చెప్పునే! చిన్నప్పుడు నీ వీపు మీద ఎన్నిసార్లు పడలేదది? నిన్ను దారికి తెచ్చింది, చేపని ఒడ్డుకి తేలేదా?"

అప్పుడు కత్తిపీట మీద బొటనవేలంత ముక్క కోశాడు. పాత కొక్కెం గుచ్చాడు. గోనెపీచు కాళ్ళు కట్టాడు. చూస్తే అది కప్పలా లేదు, మీ తాతయ్య గీసిన ఏనుగులా ఉంది!

ఇంకా పొద్దు వాలలేదు. గోతి దగ్గరికి పరిగెత్తాడు. పోతే పోయింది, చెప్పు ముక్కే కదా! డెక్క నడిమధ్య సందు చూసి విసిరాడు. ఒకసారి లాగాడు, టప్. రెండోసారి లాగాడు, టప్. మూడోసారి దబ్బున నీళ్ళు పైకి లేచాయి. మోచేతంత కొరమీను!

చేపని బుట్టలో వేసి, ఆ చెప్పు ముక్కని తుడిచి కళ్ళకద్దుకున్నాడు వాడు. చెప్పుని కళ్ళకద్దుకున్నవాణ్ణి ఎక్కడైనా చూశావా? వాడికది చెప్పులా కనపడలేదు కన్నా. అక్క చెయ్యిలా కనపడింది.

ఆ తర్వాత మరిడమ్మ మంచం మీంచి చెబుతుంటే వాడే పులుసు పెట్టాడు. ఇన్ని మెంతులు వేశాడు, చింతపండు పిసికాడు. మొదటి ముద్ద అక్క నోట్లో పెట్టుకుంది. వాడు గరిటె పట్టుకుని పక్కనే కూచున్నాడు.

"ఉప్పెక్కువైందిరా," అంది మరిడమ్మ.

గవర్రాజుకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. చేదు అనలేదు, ఉప్పు అంది! అక్కకి రుచి తెలిసింది! ఉప్పు పులుసుతోనే మూడు ముద్దలు తింది, మూడు పూటల్లో లేచి కూచుంది.

మర్నాడు వాడు పిడికెడన్నం పట్టుకెళ్ళి గోతిలో వేశాడు. "మా అక్కని లేపావు తల్లీ, నీ మేలు మరిచిపోను," అని దణ్ణం పెట్టాడు.

మరి ఆ ఏడొందల కప్పంటావా? దాన్నీ డెక్క మధ్యలోకే విసరడం మొదలెట్టాడు. నాలుగు చేపల్ని పట్టిందది! ఐదోసారి తెగి డెక్కలో పోయింది. ఈసారి దూకలేదు వాడు. "వెళ్ళిరావే కప్పా, బాగా పనిచేశావు," అని నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు.

అందుకని మీ నాన్నకి చెప్పు. పారేసుకోవడానికి గుండె ఉంటే ఖరీదైంది కొనుక్కోమను. లేదంటే నా పాత చెప్పులు ఇక్కడే ఉన్నాయి, పంపిస్తాను.

కప్ప డెక్కకి, చెప్పు నీటికి,
మీను కుండకి, పులుసు అక్కకి,
దణ్ణం గోతికి, కథ కంచికి,
కన్న నిద్దరకి!