ఎంటర్ మీద వేలు

ప్రభుదాసు మెట్లెక్కి గురువు దగ్గరికొచ్చాడు. చేతిలో ఒక కాగితం ఉంది.

గురువంటే కాషాయం, కమండలం ఏమీ లేవు. రుక్నుద్దీన్ సారు ముప్పై ఏళ్ళుగా ప్రోగ్రాములు రాస్తూ, పదిమందికి రాయడం నేర్పుతూ వచ్చిన మనిషి.

"బ్లడ్ బ్యాంకుకి నేను చేసిన కంప్యూటర్ ఫారం ఉంది కదా సార్. నిన్న ఒక బాలింతకి రక్తం కావాలని ఆసుపత్రి నర్సు నింపింది. రక్తం రాలేదు. వేరే ఊరి నుంచి తెప్పించేసరికి బాలింతకి ప్రాణం మీదికొచ్చింది. అన్నీ నింపి ఎంటర్ కొట్టాను, అంతే అంటోంది నర్సు. రద్దు నొక్కిందని మా రికార్డులో ఉంది. తప్పు ఆమెదేనని రాసిన ఈ కాగితం పైవాళ్ళకి ఇస్తే ఆమె ఉద్యోగం పోతుంది. ఇవ్వకపోతే నాది పోతుంది."

"ఫారంలో తప్పు లేదా?"

"లేదు సార్. రెండే బటన్లు. ఎడమవైపు రద్దు, కుడివైపు పంపు. ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ. చదువొచ్చినవాళ్ళెవరూ పొరబడరు."

సారు కాగితం చూడలేదు. కంప్యూటర్లో ఆ ఫారం తెరిచి, మౌస్ ఊడదీసి సొరుగులో పెట్టారు.

"నువ్వు నింపు. మీ పాప పేరు రాయి."

ఉత్తుత్తికే కదా అనుకున్నాడు ప్రభుదాసు. మెర్సీ అని కొట్టాడు. వయసు ఆరేళ్ళు. గ్రూపు ఓ నెగటివ్. ఎన్ని బాటిళ్ళు అన్నచోట కాస్త తడబడి, ఒకటి అని కొట్టాడు.

"ఊఁ, ఎంటర్ కొట్టు."

వేలు ఎంటర్ మీదికెళ్ళి ఆగిపోయింది.

మౌస్ ముట్టకుండా ఎంటర్ కొడితే, ప్రోగ్రాములో ముందు రాసిన బటన్నే నొక్కినట్టు. ఆ సంగతి ఇదే గదిలో ఈ సారే నేర్పారు. భయంలో పడ్డవాడికి నేర్చింది ఎక్కడ గుర్తొస్తుంది? తను ముందు రాసింది రద్దు.

ఉత్తుత్తిదే. అయినా బిడ్డ పేరు చూస్తూ వేలు దించలేకపోయాడు. ఈ నిమిషాన ఏ ఆసుపత్రిలో ఎవరు ఎవరి పేరు రాసి ఈ మీట కొడుతున్నారో.

"కొట్టవేం?"

"కొట్టలేను సార్."

సారు మెల్లగా అన్నారు.

"నీకు తెలుసు కనక ఆగావు నాయనా. ఆ నర్సుకి ఎవరు చెప్పారు?"