మడుగు ఒడ్డున మా బోర్డు

మా అడవిలో వేసవి ముదిరాక ఒక్క మడుగులోనే నీళ్లు మిగులుతాయి. పులి దగ్గర్నుంచి పురుగు దాకా అందరూ రోజుకోసారైనా అక్కడికి రావాల్సిందే. మన సరుకు పదిమందికీ చూపించుకోవాలంటే అంతకన్నా మంచి చోటు లేదు. ఈ సంగతి ముళ్లపందినైన నాకు బాగా తెలుసు. తెలిసి ఏం వెలగబెట్టానో వినండి.

నేను యాప్‌లు రాస్తాను. ఏ పొద కింద ఏ దుంప ఊరిందో చెప్పే యాప్ నాది. అంతకుముందు ఏనుగు గారి కంపెనీలో చేసేవాణ్ణి. "మీ దగ్గర నా తెలివంతా వృథా అయిపోతోందండీ!" అని అందరి ముందూ ముళ్లు విదిల్చి మరీ బయటికొచ్చాను. ఏడాది తిరిగేసరికి నా యాప్ వాడేవాళ్లు ముగ్గురు. మా అమ్మ, మా అమ్మ పోరు పడలేక మా నాన్న, అసలు పనిచేస్తోందో లేదో చూసుకోడానికి నేను.

మా ఆవిడ తేల్చి చెప్పేసింది. "వానలు పడేలోపు యాభైమంది వస్తే సరే. లేదంటే వెళ్లి ఏనుగు గారి కాళ్లు పట్టుకో."

ఆ మాట వినగానే సిగ్గుతో చచ్చినంత పనైంది నాకు.

మడుగు ఒడ్డున నక్క బావకి ప్రకటనలేసే బోర్డు ఒకటి ఉంది, పెద్ద తెరతో. వేసవంతా అద్దెకిస్తాడు. ఆ అద్దె నా ఒక్కడి వల్ల అయ్యేది కాదు. అందుకని ఉడుతక్కనీ, గిజిగాణ్ణీ కలుపుకున్నాను. గింజలు ఎక్కడ దాచామో గుర్తుచేసే యాప్ ఉడుతక్కది. గాలి ఎటు తిరుగుతుందో చెప్పేది గిజిగాడిది. వాళ్ల వ్యాపారమూ నాదానిలాగే ఏడ్చింది. ముగ్గురం కలిసి గింజలూ, దుంపలూ, గడ్డితాళ్లూ పోగేసి బావ ముందు పోశాం.

బావ అన్నీ లోపల పెట్టుకుని, మీసం దువ్వుకుంటూ ఒకే ఒక్క మాట అడిగాడు. "ఇంతకీ ఎవరి పేరు పైన వేయమంటారు?"

"ఎక్కువిచ్చింది నేను," అంది ఉడుతక్క.

"ఆలోచన నాది," అన్నాను నేను.

"పైనుండాల్సింది పక్షి కదా!" అన్నాడు గిజిగాడు.

బావ తెగ నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. "అయ్యయ్యో, మీలో మీకు గొడవెందుకు? నాకు ప్రోగ్రాములు రాయడం రాదు గానీ, వచ్చుంటేనా, పేర్లు వంతులవారీగా వాటంతటవే తిరిగేట్టు రాసిపారేసేవాణ్ణి."

"ఓస్, అంతేనా! రెండ్రోజుల పని," అన్నాను. ఆ మాటన్నది నేనే, ఒప్పుకుంటున్నాను.

తెర మీద 'త్వరలో' అని పెట్టి ముగ్గురం పనిలో పడ్డాం.

మూడోరోజు బావ వచ్చి చూశాడు. "అబ్బ, ఏం పనితనమయ్యా! కానీ తమ్ముడూ, కోతులు తలకిందులుగా వేలాడుతూ చూస్తాయి కదా. వాటి గతేంటి?"

నిజమే కదా! కోతి రాగానే పేర్లు తిరగబడేట్టు రాశాను. దానికో వారం పట్టింది. "చీమలకి కనబడుతుందా?" అని ఇంకోసారి వచ్చాడు. దానికి పదిరోజులు. ఈలోగా గిజిగాడు తను అల్లిన ప్రోగ్రాం ముక్క తనకే నచ్చలేదని రెండుసార్లు మొత్తం పీకి మళ్లీ మొదలెట్టాడు. ఉడుతక్క ప్రోగ్రాం పాత కాపీని ఎక్కడో భద్రంగా దాచి, ఎక్కడ దాచిందో మర్చిపోయింది.

"నీ యాప్‌లో చూడొచ్చుగా అక్కా?" అన్నాను.

"అందులో ఎక్కించడం మర్చిపోయాన్రా," అంది.

ఓరోజు అడవిపందమ్మ ఆరుగురు పిల్లల్నేసుకుని నా దగ్గరికొచ్చింది. "ఏమయ్యా, ఆ 'త్వరలో' అంటే ఏంటి? దుంపలెక్కడున్నాయో చెప్పేదేమైనా ఉంటుందా? పిల్లలు ఆకలికి మాడిపోతున్నారు."

"కాస్త ఓపిక పట్టమ్మా. తెర మీద వంతు రాకుండా ఎవరి సరుకూ చెప్పకూడదని మాలో ఒప్పందం," అని పంపించేశాను. ఏడుగురు! నా యాప్ వాడేవాళ్లకి రెండింతల కన్నా ఎక్కువ! ఇప్పుడు తల్చుకుంటే నా ముళ్లతో నన్నే పొడుచుకోవాలనిపిస్తుంది.

చివరికి పూర్తయింది. మీట నొక్కాను. 'ముళ్లపంది దుంపల యాప్' అని తెర మీద తళుక్కుమంది. ముగ్గురం గంతులేస్తున్నాం. అంతలో నా ముక్కు మీద టప్పున ఓ చినుకు పడింది.

సాయంత్రానికల్లా అడవిలో ప్రతి గుంటలోనూ నీళ్లే. ఇక మడుగు దాకా ఎవరొస్తారు? ఒక్క కప్ప మిగిలింది. దానికి చదువు రాదు.

బావ తెర విప్పుకుంటూ, "ఇందులో ఉన్న మీ ప్రోగ్రాం ఇక మీకెందుకు పనికొస్తుంది? నేనే తీసుకెళ్లి పారేస్తాలే," అన్నాడు. మా చెత్త కూడా మోస్తున్నాడు, ఎంత మంచివాడో అనుకుని ముగ్గురం చేతులెత్తి దణ్ణం పెట్టాం.

నాలుగు రోజులాగి, తలొంచుకుని ఏనుగు గారి దగ్గరికెళ్లాను. ఆయన ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు.

"రావయ్యా, సమయానికొచ్చావు. మొన్ననే నక్క గారి దగ్గర ఒక ప్రోగ్రాం కొన్నాం. బోర్డు మీద పేర్లు వంతులవారీగా తిరుగుతాయి. చాలా గొప్పగా ఉంది గానీ, కోతి వచ్చి వెళ్లాక పేర్లు తలకిందులుగానే ఉండిపోతున్నాయి. ఎవడు రాశాడో గానీ తిన్నగా రాయలేదు. నీకేమైనా అర్థమవుతుందేమో చూస్తావా?"

"చూస్తానండీ," అన్నాను.

నీతి ఏమిటంటే: పదిమందీ చూస్తున్నప్పుడు ముందు పేరు రాసేయండి, పైనా కిందా తర్వాత తేల్చుకోవచ్చు.