ఉప్పు చూడని బార్లీ సూపు

అనగనగా ఒక ఊళ్ళో ఒక పొయ్యి, పొయ్యి దగ్గర ఒక కోడలు, మంచం మీద ఒక అత్త. కోడలి పేరు సంతోషమ్మ. అత్త పేరు దీనమ్మ. పేరుకే దీనమ్మ, నోరు మాత్రం గయ్యాళిది. ఊ కొడుతూ విను. నువ్వు ఆపితే నేనూ ఆపేస్తాను.

ఈ దీనమ్మ వయసులో ఉండగా పట్నంలో మిషను ఆసుపత్రి వంటింట్లో పనిచేసింది. అక్కడ జ్వరంపడి లేచినవాళ్ళకి సత్తువ రావడానికి పెద్ద మాంసం, కూరగాయలు, బార్లీ గింజలు వేసి సూపు కాచేవాళ్ళు. పెద్ద మాంసమంటే తెలుసుగా, మనింట్లో ఆదివారం ప్రార్థన గుడి నుంచి వచ్చాక వండుకుంటామే, ఆ గొడ్డు మాంసమే. దీనమ్మ చేతి సూపు తాగితే మంచం మీదున్నవాళ్ళు లేచి కూర్చుంటారని పేరు.

అలాంటి దీనమ్మకే ఒక ఏడు వానాకాలంలో జ్వరం పట్టుకుంది. జ్వరమైతే పోయింది గానీ నోరు చవి చచ్చింది. అన్నం సయించలేదు. జావ సయించలేదు. అప్పుడు కాంపౌండరు వచ్చి చూసి, "కడుపులోకి ఏదో ఒకటి పోకపోతే మనిషి దక్కదమ్మా," అన్నాడు. బార్లీ డబ్బా ఒకటి సంతోషమ్మ చేతిలో పెట్టి పోయాడు. ఆమె బార్లీ నీళ్ళు కాచి ఇస్తే అత్త మూతి బిగించేసింది.

సంతోషమ్మకి భయం వేసింది. తల్లి లేని పిల్ల ఆమె. అత్త పొద్దస్తమానం తిట్టేది, నిజమే. కానీ ఆ తిట్టే మనిషి ఆమెకి కావాలి.

అప్పుడు సంతోషమ్మ అడిగింది. "అత్తా, మీ ఆసుపత్రి సూపు కాస్తే తాగుతావా?"

"నీకేం తెలుసే అది కాయడం," అంది దీనమ్మ. తాగనని మాత్రం అనలేదు.

ఇంకేం. సంతోషమ్మ మస్తాను కొట్టుకెళ్ళి కాలి మాంసం, మూలుగ ఎముక తెచ్చింది. కుండ పొయ్యెక్కించి, బియ్యం కొలిచే సోలతోనే బార్లీ కొలిచి పోసింది. అక్కడే దెబ్బతింది. బార్లీ బియ్యం లాంటిది కాదు. నీళ్ళు తాగుతుంది, ఉబ్బుతుంది, ఉబ్బి మళ్ళీ తాగుతుంది. సాయంత్రానికి కుండలో గంటె నిలబడింది. దీనమ్మ ఒక కన్ను తెరిచి చూసి, "సంకటి నేను తిననే," అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ తర్వాత ఇంకోసారి కాచింది. ఈసారి బార్లీ గుప్పెడే వేసింది. కానీ కారెట్టు, బంగాళాదుంప, బీన్సు, అన్నీ మాంసంతో పాటే కుండలో పడేసింది. పెద్ద మాంసం తొందరగా ఉడుకుతుందా? అది మెత్తబడేసరికి కూరగాయలు ఆనవాలు లేకుండా కరిగిపోయాయి. దీనమ్మ చూసి, "కుడితి గేదెకి పెట్టు," అంది. మళ్ళీ గోడవైపు తిరిగింది.

సంతోషమ్మ మొగుడు యోనా ఉన్నాడు చూశావూ, ఉత్తముడు. ఆ సంకటీ, ఆ కుడితీ వంక పెట్టకుండా తానే తిన్నాడు. తిన్నంతసేపూ వాళ్ళమ్మ మంచం వైపే చూశాడు. దీనమ్మ చేతి గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి.

ఆ తర్వాత శుక్రవారం వచ్చింది. సంతోషమ్మ అత్త కోసం ఉపవాస ప్రార్థన పెట్టుకుంది. పొద్దుగుంకేదాకా పచ్చి మంచినీళ్ళయినా ముట్టదు. అలా ఉండి మూడోసారి కుండ పెట్టింది.

ముందు కాస్త నూనెలో మాంసం ముక్కలు ఎర్రగా వేయించింది. అందులోనే ఉల్లిపాయలు, వెల్లుల్లి వేసింది. అప్పుడు ఎముక వేసి, నీళ్ళు నిండా పోసి, మంట తగ్గించింది. పైకి తేలిన నురగని గంటెతో తీసి పారబోసింది. ముక్క సగం ఉడికాక గుప్పెడు బార్లీ కడిగి వేసింది. ముక్క గంటెకి లొంగాక దుంపలూ కారెట్టూ వేసింది. బీన్సు అన్నిటికన్నా చివర. ఇల్లంతా కమ్మటి వాసన. పక్కింటి కుక్క వచ్చి గడపలో కూర్చుంది.

అప్పుడు సంతోషమ్మ గిన్నెలో సూపు పోసుకుని మంచం దగ్గరికి వెళ్ళింది. దీనమ్మ లోపలికి చూసింది. ఈసారి సంకటి అనడానికి లేదు, కుడితి అనడానికీ లేదు.

"ఇలా గిన్నె పట్టుకుని ఎన్ని మంచాల దగ్గరికి వెళ్ళానో నేను," అంది. "ఇవాళ ఆ గిన్నె నా మంచం దగ్గరికే వచ్చిందా? వద్దు, తీసుకుపో."

మళ్ళీ గోడే.

సంతోషమ్మకి ఏడుపొచ్చింది. ఆకలి మీదున్న మనిషికి ఏడుపూ కోపమూ కలిసే వస్తాయి. "తాగకపోతే మానెయ్. అందులో ఉప్పేశానో లేదో కూడా నాకు తెలీదు," అంది.

దీనమ్మ ఇటు తిరిగింది. "ఏమన్నావ్?"

"ఉపవాసం ఉన్నా కదా, రుచి చూళ్ళేదు. ఆయన పొలం వెళ్ళాడు. ఇంట్లో ఉప్పు చూసేవాళ్ళెవరు?"

"ఉప్పు చూడకుండా గిన్నెలో పోసుకొచ్చావా? మా వంటింట్లో అయితే నీ వీపు చిట్లేది. పో, గంటె తీసుకురా."

సంతోషమ్మ గంటె తెచ్చింది. దీనమ్మ మోచేతి మీద లేచి అరచెయ్యి చాపింది. చేతిలో పోసిన చుక్కని ఊది, నాకింది. "చప్పిడి," అంది. సంతోషమ్మ కుండలో ఉప్పేసింది.

మళ్ళీ చెయ్యి చాపింది. "మిరియాలేవే? దంచి వెయ్యి." సంతోషమ్మ దంచి వేసింది.

మూడోసారి చాపడానికి మంచం దూరమైంది. కాళ్ళు కింద పెట్టి, గోడ పట్టుకుని, పొయ్యి దగ్గరికొచ్చి పీట మీద కూర్చుంది. "గిన్నెలో పోసి ఇటివ్వు. ముక్క ఉడికిందో లేదో చూడాలిగా," అంది. ముక్క చూసింది. బార్లీ పలుకుందేమోనని చూసింది. దుంప చూసింది. చూసి చూసి గిన్నె అడుగు కనిపించింది. తాగుతున్నావత్తా అంటే ఎక్కడ ఆపేస్తుందోనని సంతోషమ్మ అంతసేపూ పొయ్యి వైపే చూస్తూ కూర్చుంది.

అప్పుడు దీనమ్మ ఖాళీ గిన్నె వైపు చూసింది. తర్వాత కోడలి ఎండిన పెదాల వైపు చూసింది.

"ఎవరి కోసమే ఉపవాసం?"

"ఎవరి కోసమోలే."

దీనమ్మ వాకిట్లోకి చూసి, "పొద్దుగుంకింది. చెయ్యి పట్టు," అంది. గంటె తానే ముంచి, చల్లారేదాకా ఊది, కోడలి అరచేతిలో పోసింది. "ఇప్పుడు నువ్వు చూడు ఉప్పు."

సంతోషమ్మ చూసింది. అప్పటికే రెండు కన్నీటి చుక్కలు చేతిలో పడ్డాయి, ఉప్పు కాస్త ఎక్కువే అయ్యుంటుంది.

"సరిపోయిందత్తా," అంది.

పొయ్యిలో నిప్పు బూడిదకి,
గంటెలో చుక్క అరచేతికి,
కథేమో నడిచి కంచికి,
మనమేమో దుప్పట్లోకి.