గుండుసూది ఇల్లు మారిన వైనం

మంగరాజు దొడ్డిలో అందరికంటే పొట్టివాడు గుండుసూది. కుక్కే గానీ, పక్కన నిలబడితే కోడిపుంజు కూడా మెడ సాచి కాస్త గర్వంగా చూసేది. ఎలుక బొరియలో దూరేంత ఒళ్లు, మూసుకుంటే ఒక పట్టాన తెరుచుకోని దవడ. వాడికి తెలిసిన విద్య ఒక్కటే. ధాన్యం గాదెలో మంగరాజు ఒక ఇనప బోను పెట్టి, దాని తలుపుకి మువ్వ కట్టేవాడు. ఎలుక పడితే మువ్వ మోగుతుంది. మువ్వ మోగితే గుండుసూది ఎక్కడున్నా ఒకటే పరుగు. మంగరాజు తలుపెత్తుతాడు, వీడు మెడ పట్టి ఒక్క విదిలింపు విదిలిస్తాడు. అంతే. "శెభాష్‌రా!" అన్న మాటా, ఓ అన్నం ముద్దా, అదే జీతం.

పని వాడిదైనా పేరు మాత్రం పిల్లిది. మీగడ అని దాని పేరు. ఎలుకల్లేని ఇల్లని ఊరంతా మీగడనే మెచ్చుకునేది. అది పుట్టి బుద్ధెరిగాక గాదెలో అడుగు పెట్టలేదు. దాని వేటంతా పాలకుండ దగ్గరే.

ఈ ఏర్పాటు ఇలా హాయిగా సాగుతుండగా మంగరాజు మనవరాలు పాకుతూ, లేచి తప్పటడుగులు వేయడం మొదలుపెట్టింది.

ఓ పొద్దున పాపాయి కోడిపిల్ల వెంటపడి, కేరింతలు కొడుతూ దొడ్డిలోకి వచ్చింది. ఆ తర్వాత గుండుసూదికి గుర్తున్నది ఇంతే: నేలబారుగా ఏదో ఉరికింది, కీచుమంది. తెలివొచ్చేసరికి వాడి నోట్లో గౌను అంచుంది. దాన్ని విదిలిస్తున్నాడు. పాపాయి ఆటనుకుని నవ్వుతోంది.

చప్పున వదిలేశాడు. అప్పటికే గుడ్డ చిరిగింది, లోపల్నుంచి నాయనమ్మ పైడమ్మ అడుగుల చప్పుడు వినిపిస్తోంది. మీగడ ఒక్క గెంతు గెంతి, ఆ పీలిక నోట కరుచుకుని ముళ్లకంచెకి తగిలించింది.

"పాడు కంచె! పిల్ల గౌను చింపేసింది," అని పైడమ్మ కంచెని నాలుగు తిట్లు తిట్టి పాపాయిని ఎత్తుకుపోయింది.

"ఎందుకక్కా నాకోసం ఇంత..." గుండుసూది తోకాడిస్తూ దగ్గరికొచ్చాడు.

"ఇంటివాడివి తమ్ముడూ! ఇంట్లో మాట బయట పెట్టుకుంటామా? నువ్వు వెళ్లిపోతే ఈ ఎలుకల్ని..." అనబోయి మీగడ నాలిక్కరుచుకుంది. "అదే, నీమీద ఎంత బెంగపెట్టుకుంటానో ఆలోచించు."

బెంగ ఎలుకలమీదా తమ్ముడిమీదా అన్నది మనం అడగకూడదు, అది వాళ్ల ఇంటి విషయం.

కొట్టంలోంచి అంతా చూశాడు పుల్లన్న, ముసలి బండెద్దు. నెమరేయడం ఆపి పిలిచాడు.

"ఏరా బుడతా, ఇటు రా. ఏం చూసి పట్టుకున్నావు?"

"పాపాయిని చూడలేదు తాతా. ఏదో పరిగెత్తింది. నేను వచ్చేలోపే నా నోరు వెళ్లిపోయింది."

"రేపు గౌను కాక మెడ అందితే?"

గుండుసూది తోక ముడుచుకున్నాడు. జవాబు వాడికి తెలుసు. ఎన్ని మెడలు విదిల్చాడో లెక్కేముంది?

"ఒట్టేసుకుంటాను తాతా. ఇంకెప్పుడూ..."

"ఒట్టు వేసేది నువ్వు. పట్టేది నీ దవడ. దాని చేత ఒట్టు వేయించగలవా?"

వాడు ఆ మాటే తీసుకెళ్లి మీగడకి చెప్పుకుని ఏడ్చాడు.

"ముసలాయనకి చాదస్తం," అంది మీగడ మూతి తుడుచుకుంటూ. "నేనొక ఉపాయం చేస్తాను, నువ్వు నిశ్చింతగా పడుకో."

"ఏం ఉపాయమక్కా?"

"ముందే చెబితే ఉపాయానికి రుచేముంది?"

మీగడ ఆలోచన ఇది: పాపాయి వస్తున్నట్టు కుక్క చెవిన పడితే చాలు, పక్కకి తప్పుకుంటుంది. కొత్తగా అడుగులేసే పిల్లలు ఎటు పోతున్నారో తెలియాలని కాళ్లకి మువ్వల పట్టీలు పెడతారు కదా! అటకెక్కి, పట్టీలున్న రేకుడబ్బాని తోసింది. డబ్బా దబ్బున కిందపడింది.

"అయ్యో నా మతి మండా! అడుగులేస్తున్న పిల్లకి పట్టీలు పెట్టడమే మరిచాను," అంటూ పైడమ్మ పాపాయి కాళ్లకి వాటిని తొడిగింది.

మీగడ తన తెలివికి తానే మురిసిపోతూ గుమ్మంలో కూర్చుంది.

మధ్యాహ్నం గుండుసూది గడ్డివాము నీడలో కునుకు తీస్తున్నాడు. పాపాయి గుమ్మం దిగింది.

ఘల్లుమంది.

వాడు లేవలేదు, ఎగిరాడు. కళ్లింకా తెరుచుకోలేదు. దుమ్ములో పుట్టెడు సంబరంతో దూసుకెళ్లాడు. దొడ్డి మధ్యలో పాపాయి తూలుతూ నిలబడి, వాడికేసి రెండు చేతులూ చాపింది.

పుల్లన్న పలుపు తెంచుకున్నాడు. ఇన్నేళ్లలో ఒక్కసారైనా పరుగెత్తని ఎద్దు ఉరికొచ్చి, పిల్లకీ కుక్కకీ మధ్య ముంగాలు పెట్టాడు.

పళ్లు దిగాయి. విదిలింపు రాలేదు, కాలు కదలదు కనక. నోట్లోకి వెచ్చగా రక్తం వచ్చాక గుండుసూదికి మెలకువ వచ్చింది. ఎద్దు కాళ్ల సందులోంచి పాపాయి వాడినే చూస్తోంది.

మంగరాజు కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. పుల్లన్న కదలలేదు. గుండుసూది పారిపోలేదు. పట్టు వదిలి, తలదించుకుని, కర్రకి అందేలా ముందుకొచ్చి కూర్చున్నాడు. మంగరాజు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పాపాయి కాళ్లకేసి చూశాడు, గాదెకేసి చూశాడు. కర్ర పారేశాడు.

"మువ్వ నీకు నేను నేర్పిందే కదరా," అన్నాడు మెల్లగా.

"మువ్వా? మువ్వకేం?" మీగడ తెల్లబోయింది. "మువ్వ వింటే వాడు తప్పుకోవాలి గానీ..."

"ఒక్క పూటైనా గాదెలోకి వచ్చి ఉంటే నీకు తెలిసేది తల్లీ," అన్నాడు పుల్లన్న, కాలు నాక్కుంటూ.

మర్నాడు మంగరాజు గుండుసూదిని బండెక్కించాడు. పుల్లన్న కుంటుకుంటూనే బండి వెంట నడిచాడు. కాడి కిందకి పక్కింటి ఎద్దు వచ్చింది. ఏటి ఒడ్డున చెరకు తోటల మధ్య సన్యాసి అనే ఒంటరి మనిషి బెల్లం వండే గానుగ ఉంది. చెరకు మొదళ్లని కొరికేసే పందికొక్కులతో ఆయన విసిగిపోయి ఉన్నాడు.

మంగరాజు ఏదీ దాచలేదు. "పనిలో వీడికి సాటిలేదు బాబాయ్. కానీ చిన్నపిల్లలున్న చోట వదలకూడదు. మా మనవరాలిని వీడు పట్టబోతే నా ఎద్దు అడ్డుపడింది, ఆ గాయం చూడు."

సన్యాసి గాయం చూశాడు. కుక్కని చూశాడు. "ఇక్కడ నేను తప్ప ఎవరుంటారు? గానుగ ఆడే రోజుల్లో కూలీలు పిల్లల్ని తెస్తారు. అప్పుడు తలుపు మూసి లోపల కట్టేస్తాను. నువ్వు చెప్పబట్టి తెలిసింది."

విడిపోయే ముందు గుండుసూది ఎద్దు గాయాన్ని వాసన చూశాడు.

"నేను చెడ్డవాడినా తాతా?"

"కాదురా. ఆ ఇంట్లో ఇమడని మంచివాడివి."

"పాపాయి నన్ను వెతుక్కుంటుందేమో."

"వెతుక్కోనీ. వెతుక్కోవడానికి పిల్ల క్షేమంగా ఉంది కదా."

బండి వెళ్లిపోతుంటే దాని వెంట కొంతదూరం గుండుసూది చూపు సాగింది. ఇంతలో చెరకులో ఏదో కదిలింది. చెవులు నిక్కాయి.

అక్కడ మంగరాజు గాదెలో ఎలుకలు పండగ చేసుకున్నాయి. "ఊరు మెచ్చిన వేటగత్తెవి కదే!" అని పైడమ్మ పాలు బంద్ చేసి, మీగడని లోపల పెట్టి గొళ్లెం వేసింది. బస్తాల మీద వణుకుతూ కూర్చున్న మీగడ పక్కనుంచే ఓ ఎలుక తాపీగా నడిచి వెళుతూ, "జరుగక్కా, దారి," అంది. మీగడ జరిగింది.

నీతి: మనవాడి లోపాన్ని కప్పిపెట్టడం ప్రేమ కాదు, ఆ లోపం ఎవరినీ గాయపరచలేని చోటు వాడికి చూపించడమే ప్రేమ.