మిరపకాయ తోడు

ఆరేళ్ళ కష్టాన్ని తిరుపాలు ఒక్క కాగితంలో ముగించి తెచ్చాడు. "నా థీసిస్ వెనక్కి తీసుకుంటున్నాను" అని రాసుంది అందులో. కింద గైడ్ సంతకం ఒక్కటే తక్కువ.

గైడ్ హైమవతి గారు వంటింట్లో పాలు కాస్తున్నారు. యూనివర్సిటీలో క్వాంటమ్ క్షేత్ర సిద్ధాంతం చెప్పే మనిషి, ఇంట్లో మాత్రం పాలు పొంగితే ఊరుకోరు. వెనక్కి తిరక్కుండానే "కూర్చో" అన్నారు.

"కూర్చోను మేడమ్. సంతకం పెట్టండి, పోతాను."

అసలు గొడవేమిటంటే, థీసిస్ చదివిన పరీక్షకుడు రెండే వాక్యాలు రాసి పంపాడు. "బాగా వేడెక్కిన ఇనుము చల్లబడితే అయస్కాంతం అవుతుంది. మీ లెక్కలో అది ఎప్పటికీ కాదు." రేపు పొద్దున పదింటికల్లా జవాబు పంపకపోతే థీసిస్ తిరస్కరించినట్టే.

ఆ మాట నిజం. అదే తిరుపాలు మంట. ఇనుములో కోటానుకోట్ల బుల్లి అయస్కాంతాలుంటాయి. వాటికి పైకి చూడటమూ కిందికి చూడటమూ ఒకటే. ఆ సమానత్వాన్నే సౌష్ఠవం అంటారు. చల్లబడ్డాక అన్నీ కూడబలుక్కున్నట్టు ఒకే వైపు తిరుగుతాయి. అప్పుడు సౌష్ఠవం విరిగిందంటారు. పాపం, మనవాడి లెక్కలో ఎన్ని కోట్లు కలిపినా పైకెన్నో కిందికీ అన్నే. జవాబు సున్నా.

"బయటి నుంచి కాస్త మొగ్గు ఇచ్చి చూశావా? చిన్న అయస్కాంతం పక్కన పెట్టినట్టు?" అన్నారు హైమవతి గారు.

"ఇచ్చాను. నాలుగో అధ్యాయం మొదటి లైన్లోనే తీసేశాను కూడా. ఆ తర్వాతే బుల్లి అయస్కాంతాల సంఖ్య పెంచుకుంటూ పోయాను." అతని గొంతు పెరిగింది. "బయటి సాయంతో తిరిగితే దానంతటది తిరిగినట్టెలా అవుతుంది మేడమ్? అది మోసం కదా! నేనట్లా చేయను."

ఆవిడ పొయ్యి ఆపేశారు. పాలు గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి రెండు గిన్నెల్లో పోశారు.

"ఇంట్లో పెరుగు చుక్క లేదు, తోడు వేద్దామంటే" అంటూ డబ్బాలోంచి రెండు ఎండుమిరపకాయలు తీశారు, తొడిమలతో సహా. గిన్నెకొకటి వేశారు. ఎడమ గిన్నెలోది వెంటనే తీసి అవతల పారేశారు.

తిరుపాలుకు ఒళ్ళు మండిపోయింది. "రేపు పదింటికి నా బతుకు తేలిపోతుంటే, మీరు పాలు తోడేసుకుంటున్నారా!"

"పొద్దున ఆరింటికి రా. సంతకం సంగతి అప్పుడు చూద్దాం."

ఎడమ గిన్నె మీద పళ్ళెం మూశారు. కుడి గిన్నెకు పళ్ళెం దొరకలేదేమో, అతని చేతిలో కాగితం లాక్కుని మూతగా వేసి, ఎగిరిపోకుండా పైన గరిటె పెట్టారు.

ఆరు కాకముందే వచ్చాడు. నిద్ర లేక కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఎడమది వంచి చూడు" అన్నారావిడ.

వంచాడు. వాసన కాస్త మారింది కానీ అవి పాలే. అంచుదాకా జారి వచ్చాయి.

"కుడిది."

కాగితం తీసి వంచాడు. కదల్లేదు. ఇంకొంచెం వంచాడు. పెరుగు గట్టిగా నిలబడింది.

"ఇప్పుడు మిరపకాయ తీసెయ్."

తొడిమ పట్టుకుని తీశాడు. మళ్ళీ వంచాడు. కాయ ఉన్నచోట చిన్న గుంట పడిందంతే. పెరుగు పెరుగులాగే ఉంది.

తిరుపాలు ఆ గుంటనే చూస్తూ నిలబడిపోయాడు. చేతిలో మిరపకాయ నుంచి చుక్కలు గచ్చు మీద పడుతున్నాయి. గోడ గడియారంలో ఆరుంబావు.

"నేను ముందే తీసేశాను" అన్నాడు, ఆవిడతో కాదు.

చెయ్యి తుడుచుకుని కాగితం తిరగేశాడు. మధ్యలో గిన్నె తడి గుండ్రంగా అంటుకుంది. దాని చుట్టూనే గబగబా రాసుకుపోయాడు. నాలుగో అధ్యాయం మొదటి లైను ఈసారి చిట్టచివరికి వచ్చింది. జవాబు సున్నా కాలేదు. "కాబట్టి సౌష్ఠవం విరిగింది" అని పైకి చదివాడు.

హైమవతి గారు గిన్నె అందుకున్నారు.

"విరగడమేంట్రా, తోడుకుంటేనూ!"