గురువమ్మ పిసకమన్న చింతపండు

వీరనారాయణకి మండిపోయింది. ఎవరి మీదనుకున్నారు? జనం మీద.

మనోడు మిక్సీలు చేస్తాడు. మొదట్లో చేసింది ఒకటే రకం. ఒక జార్, ఒక గుండ్రటి స్విచ్, అంతే. తిప్పితే తిరుగుద్ది. జిల్లా అంతా ఎగబడి కొన్నారు. పెళ్లయినా అదే, గృహప్రవేశమైనా అదే. ఇంకేముంది, పెద్దోడైపోయాడు. పెద్ద ఆఫీసు, పెద్ద మీటింగులు. ఆ మీటింగుల్లోంచి పుట్టింది కొత్త మిక్సీ. పైన నల్లద్దం, దాని మీద టచ్ బటన్లు, ఫోన్‌తో కూడా నడపొచ్చంట. పచ్చడికి ఫోన్ ఎందుకు సార్ అని అడిగినోణ్ణి ఉద్యోగంలోంచి పీకేశాడు.

కొత్తది ఎవరూ కొనలేదు. షాపులోళ్లు పాతదే పంపమంటున్నారు. అందుకని పాతది చెయ్యడమే ఆపేద్దామన్నారు పార్టనర్లు. "అప్పుడు చచ్చినట్టు కొత్తదే కొంటారు." ఇదీ వాళ్ల తెలివి. మనోడూ సరేనన్నాడు. ఆఖరి మాట మాత్రం వీరనారాయణది. ఆ రోజే చెప్పాలి.

చెప్పేముందు ఆశీర్వాదం కోసం మార్కాపురం దగ్గర మఠానికెళ్లాడు. అక్కడి గురువమ్మకి కాలేజీ రోజుల్నుంచీ శిష్యుడు. కొత్త మిక్సీ ఒకటి చంకలో పెట్టుకుని మరీ వెళ్లాడు.

ఆవిడ వంటింట్లో ఉంది. కొత్తది గట్టు మీద పెట్టి, "ఆ పాతది అవతల పడేయించండమ్మా" అన్నాడు. ఆ పాతది కూడా తనిచ్చిందే.

"నా తప్పేం లేదమ్మా. నేను ముందుకెళ్లాను. జనమే ఎదగలేదు."

గురువమ్మ నానబెట్టిన చింతపండు గిన్నె ముందుకి తోసింది.

"పిసుకు."

"నేనా?"

"నీ చేతులకేం రోగం? అవతల జనం బంతిలో కూర్చున్నారు. ఇవాళ పచ్చడి నువ్వే చెయ్యి. నీ కొత్త దాంట్లోనే."

సిల్కు చొక్కా చేతులు మడిచి పిసికాడు. వేయించిన పల్లీలు, మిరపకాయలు, చింతపండు జార్లో వేశాడు. మూత పెట్టాడు. అద్దం మీద వేలు పెట్టాడు.

ఏం లేదు.

మళ్లీ పెట్టాడు. కుయ్ అంది. తిరగలేదు.

"తడి చెయ్యి కదమ్మా, అందుకు" అని పంచెకి తుడుచుకుని నొక్కాడు. తిరిగింది. మొహం వెలిగిపోయింది.

గురువమ్మ మూత తీయించింది. రుచి చూసింది. "పులుపు చాల్లేదు. ఇంకాస్త పిసుకు."

మళ్లీ చింతపండు. మళ్లీ కుయ్. ఈసారి అద్దం నిండా పులుసు అంటుకుని మిక్సీ దానంతటదే లాకైపోయింది.

బంతిలోంచి ఒక ముసలమ్మ కేకేసింది. "ఏం నాయనా, పచ్చడి ఇప్పుడా, రేప్పొద్దునా?"

అందరూ ఒకటే నవ్వు. మనోడికి రోషమొచ్చింది.

"పక్కన టవల్ పెట్టుకుంటే ఏ గొడవా ఉండదమ్మా!"

"మరి అది కూడా పెట్టెలో పెట్టి అమ్ముతున్నావా?" అంది గురువమ్మ.

వీరనారాయణ తన చేతుల వంక చూసుకున్నాడు. వేళ్ల సందుల్లో కూడా గుజ్జే.

తనే లేచి అలమర మీంచి పాత మిక్సీ దించాడు. పచ్చడి దాని జార్లోకి మార్చి, ఆ గుజ్జు చేత్తోనే స్విచ్ తిప్పాడు. గర్రుమంది.

అప్పుడే వీరనారాయణ జేబులో ఫోన్ మోగింది. చేసింది పార్టనరు. గురువమ్మే తీసి, స్పీకర్లో పెట్టి పట్టుకుంది.

"అన్నా, అందరం నీ మాట కోసమే కూర్చున్నాం. పాతది ఆపేస్తున్నాం కదా?"

"లేదు. అదే చేస్తాం."

"అదేంటన్నా! నువ్వే కదా మొదట సరేనంది? ఇక్కడ అందరూ మీద పడతారు!"

"పడనీ."

"సరిగ్గా వినపడట్లేదన్నా, అదేం మోత?"

"పచ్చడి చేస్తన్నా" అన్నాడు వీరనారాయణ. "జనం తినాలి. అయ్యేదాకా ఫోన్ చెయ్యకండి."