గూట్లో గులకరాళ్ళు

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక వాగు. వాగు ఒడ్డున ఈతచెట్ల నిండా గిజిగాళ్ళే. గూడు అల్లడంలో వాటికి సాటి లేదు. ఆ సంగతి వాటికీ తెలుసు, అదే వచ్చిన తంటా! ఒకసారి వేసిన ముడిని మళ్ళీ లాగి చూడకూడదని వాటి ఆచారం.

"లాగి చూశావంటే నీకు అల్లడం రానట్టే!" అనేవాడు వాటి పెద్ద, పీచుతాత.

కిందటి వానల్లో పసుపి అనే పిట్ట గూడు తెగి వాగులో పడింది. మూడు గుడ్లూ కొట్టుకుపోయాయి. ఇప్పుడు మళ్ళీ గుడ్లు పెట్టే వేళైంది. పాపం, భయంతో దానికి మేత కూడా సహించడం లేదు.

అవతలి ఒడ్డున కర్రిమామ అనే కాకి ఉండేవాడు. అతని గూడు, చెప్పకూడదు గానీ, ఒట్టి పుల్లల కుప్ప. అయినా ఎన్నడూ పడలేదు.

"ఎలా మామా?" అని అడిగింది పసుపి.

"నాకు పనితనం తక్కువమ్మా, అందుకే పరీక్ష పెడతాను. ముందు గుడ్లంత బరువున్న రాళ్ళు గూట్లో వేసి, కొమ్మను ఊపి చూస్తాను," అన్నాడు కర్రిమామ.

పసుపి కొత్త గూడు అల్లి, ఒక రాయి వేసి ఊపింది. గూడు ఆగింది. రెండోది వేసింది. ఆగింది. మూడో రాయికి ముడి జారింది! గబగబా బిగించుకుంది.

చెట్ల మీది గిజిగాళ్ళన్నీ గొల్లున నవ్వాయి. "పనిముట్లు కాకులకు! మనకు ముక్కు చాలు. ఆ రాళ్ళు పారెయ్, లేకపోతే నీతో ఎవరూ మాట్లాడరు," అని కసిరాడు పీచుతాత.

పసుపికి ఏడుపొచ్చింది. అయినా, "పోయినవి నా గుడ్లు తాతా. నేను చూసుకునే పెడతాను," అంది.

రాళ్ళు తీసేసి మూడు గుడ్లు పెట్టింది. నాలుగు రోజులకు గాలివాన వచ్చింది. ఎన్నో గూళ్ళు తెగిపడ్డాయి. అన్నిటికన్నా అందమైన పీచుతాత గూడూ పోయింది. పసుపి గూడు మాత్రం ఊగి ఊగి నిలబడింది. కొన్నాళ్ళకు అందులో మూడు పిల్లలు కళ్ళు తెరిచాయి.

పీచుతాత వచ్చి ఆ పిల్లల్ని చాలాసేపు చూశాడు. "తప్పు నాదేనమ్మా," అన్నాడు.

తర్వాత తాను కొత్తగా అల్లిన గూట్లో అందరి ముందూ రాళ్ళు వేసి ఊపాడు. ముడి జారింది. ఎవరికీ నవ్వే ధైర్యం లేదు. తాతే పకపకా నవ్వి, "చూశారా, ఇప్పుడే తెలిసింది!" అని మళ్ళీ అల్లడానికి కూర్చున్నాడు.

నీతి: పని బాగా వచ్చినవాళ్ళకూ ఆ పనిని సరిచూసే సాధనం కావాలి, దాన్ని వాడుకోవడం చిన్నతనం కాదు.